ఇంటికి పోవు మాట: ఫిన్నిషు భాషలో నాలుగు పలుకులు



నేటి ప్రసంగమునకు విషయము ఫిన్నిషు భాష. అందును ఇంటికి పోవుట, ఇంట నుండుట, ఇల్లు వెడలుట అను మూడు పనులను దెలుపు మాటలు మాత్రమే. ఎక్కడనో మంచుదేశమున మాటలాడు భాషతో పల్లెలలోనుండు మన కేమి పని యని మీకు దోచవచ్చును. ఆ పని యేదియో మొదట మనవి చేసెదను.

మన విశాఖపట్టణపు తీరము ఇల్లు కదలనివారి తీరము కాదు. విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులలో ఆవిరియోడ లెక్కి కూలికై రంగూనునకు బోయినవారు మన తాతల కాలమున వేలకు వేలు. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగువారికి పేరై, వారిని కోరంగీలని పిలుచుట వాడుకయైనది. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు రంగూనుమీద బడిన తరువాత, 1942లో కొండలు అడవులు దాటి కాలినడకను ఇంటిమొగము పట్టినవారిలో మనవా రనేకులు. దారిలోనే కన్నుమూసినవారును అనేకులు. 1962లో ఆ దేశమున సైనికప్రభుత్వ మేర్పడిన పిమ్మట మరల కొందరు తరలివచ్చిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట ఆ రాకలకు గుర్తుగా నేటికిని గలదు. 1933లో పెద్దరేవు తెరువబడిన తరువాత పరదేశపు నావికులు మన వీథులలో నడచిరి. సోవియట్ దేశముతో 1979లో జరిగిన యొడంబడిక ననుసరించి ఉక్కు కర్మాగారము కట్టబడి, 1992లో జాతి కంకితమైనది. ఇట్లు పరభాష యనునది ఒకప్పుడు మనము వెదకికొని పోయినది, మరియొకప్పుడు మన గడపకే వచ్చినది.

ఇప్పుడు మన పిల్లలు పోవు దేశములలో ఫిన్లాండు ఒకటి. యంత్రశాస్త్రము, కంప్యూటరు విద్య నేర్చినవారు హెల్సింకి, ఎస్పో, తంపెరె మున్నగు నగరములలో కాపురము లేర్పరచుకొన్నారు. వారి పిల్లలు అచ్చటి బడులలో చదువుచు ఫిన్నిషు మాటలాడుదురు. ఫోనులో తాత తెలుగున నడుగును. మనుమడు సగము తెలుగున, సగము ఫిన్నిషున బదులు చెప్పును. ఆ రెండవ సగము తాతకు దెలియదు. ఆ సగములోనే "ఇల్లు" అను మాట యున్నచో, తెలియకపోవుట చిన్న లోపము గాదు.

నేను నలువదియేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పి విరమించినవాడను. బాలవ్యాకరణము గురుముఖమున జదివినవాడను. నా కుమార్తె కుటుంబము ఎస్పోలో నుండుటచే మనుమరాలిని గురువుగా జేసికొని, పాఠపుస్తకమును తోడు చేసికొని, ఈ భాష కొంత నేర్చుకొంటిని. తెలుగు వ్యాకరణము తెలిసినవారికి ఈ భాష కొఱకరాని కొయ్య గాదని నా యనుభవము.

మొదట ఆ దేశమునుగూర్చి కొంచెము. ఫిన్లాండున జనసంఖ్య సుమారు 56 లక్షలు. 1809 వఱకు అది స్వీడను రాజుల యేలుబడిలోను, తరువాత రష్యా చక్రవర్తుల క్రిందను ఉండి, 1917 డిసెంబరు 6వ తేదిని స్వతంత్రమైనది. చిరకాలము కచేరీలలోను పెద్దచదువులలోను స్వీడిషు భాషయే చెల్లెను. ఫిన్నిషు పొలములలోను వంటయిండ్లలోను మిగిలెను. 1543లో మికాయెల్ అగ్రికొల యను మతాచార్యుడు ఆ భాషలో మొదటి యచ్చుపుస్తకముగా అక్షరమాలను ప్రకటించెను. ఎలియాస్ లొన్నురొత్ అను వైద్యుడు పల్లెపల్లె తిరిగి జానపదగేయములను సేకరించి, 1835లో కలెవల యను కావ్యముగా గూర్చెను. 1863లో వెలువడిన రాజాజ్ఞచే ఫిన్నిషు కచేరీలలో స్వీడిషుతో సమానస్థాన మందుటకు దారి యేర్పడినది. ఇంటిభాషను వాకిలి దాటించుటకు వారు అంత కాలము శ్రమించిరి. కనుకనే ఇంటికి సంబంధించిన మాటలపై వారికి మక్కువ యెక్కువ.

ఇక మాటలకు వత్తము. వారి భాషలో ఇల్లు "కొతి". రెండక్షరములును హ్రస్వములే. దీర్ఘమిచ్చి "కోతి" యంటిమా, మన పిల్లలు నవ్వుదురు, వారికి అర్థము గాదు. ఆ భాషలో మొదటి నియమ మిదియే: హ్రస్వమునకు, దీర్ఘమునకు, ద్విత్వమునకు భేద మెన్నడును విడువరాదు. మనకు "పలు, పాలు, పల్లు" అను మూడు మాటలకు మూడర్థము లున్నట్లే, వారికి "తులి" యనిన నిప్పు, "తూలి" యనిన గాలి, "తుల్లి" యనిన సుంకము. హ్రస్వదీర్ఘములు గుర్తింపలేని పరదేశీయులకు ఇది కష్టము. గురులఘువుల లెక్కలో పెరిగిన మన చెవికి ఇది యాట. రెండవ నియమము: ప్రతిమాటయందును మొదటి యక్షరమునే ఊది పలుకవలయును. మూడవది: "బ్యాంకు" అను మాటలో మనము పలుకునట్టి అచ్చు వారికి మిక్కిలి వాడుకలో నున్నది, దానిని నే నిచ్చట "మిన్యా", "హ్యాన్" అనునట్లు వ్రాసితిని. పలుకునప్పుడు దానిని పొట్టిగానే పలుకవలయును.

"కొతి" యను ప్రాతిపదికకు విభక్తులు చేరినప్పుడు ఏమగునో చూతము.

కొతీన్ – ఇంటికి.
కొతొన – ఇంట, ఇంటిలో.
కొతొఅ – ఇంటినుండి.

మనకు సంబోధనతో గూడ విభక్తు లెనిమిది, వారికి పదునైదు. భయపడ నక్కరలేదు. మనము "లోపల, మీద, నుండి" యని వేరుమాటలుగా జెప్పుదానిని వారు ప్రత్యయములుగా లెక్కించిరి, అంతియే. ఇచ్చట చూడదగిన విశేష మొకటి గలదు. ఇతర నామములకు "లోపల" అను నర్థమున "స్స" యను ప్రత్యయము వచ్చును. "తలొ" యనిన కట్టడమైన యిల్లు. "తలొస్స" యనిన ఆ కట్టడము లోపల. కాని సొంత యింట నుండుటను జెప్పునప్పుడు సాధారణముగా "స్స" రాదు. "న" యను ప్రాచీనప్రత్యయము వచ్చి "కొతొన" యగును. భాష యెంత మారినను ఇంటి మాటయందు పాత రూపము చెక్కుచెదరక నిలిచినది.

ఇది మనకు వింత గాదు. "కల్లు" అను మాటకు "కల్లుకు" అని యందుము. "ఇల్లు" అను మాటకు మాత్రము "ఇల్లుకు" అనము, "ఇంటికి" అందుము. చిన్నయసూరి 1858లో వెలయించిన బాలవ్యాకరణమున వీనిని ఔపవిభక్తికము లనుట మీలో జదివినవారికి గుర్తుండును. ఇల్లు – ఇంటి, ఊరు – ఊరి, ఏరు – ఏటి: మన కత్యంత సన్నిహితములైన మాటలే యిట్లు మారును. దినమునకు పదిమారులు నోట నాడుమాట పాతదనమును నిలుపుకొనును. ఏలయన, పిల్ల లది వ్యాకరణమునుండి నేర్వరు, తల్లి నోటినుండి నేర్తురు.

ఇక క్రియలు. "మెనెన్" అనిన పోవుదును. కర్తను వేరుగా జెప్ప నక్కరలేదు. మనకువలెనే క్రియ చివరనే కర్త తెలియును.

మెనెన్ – పోవుదును.
మెనెత్ – పోవుదువు.
మెనే – పోవును.
మెనెమ్మె – పోవుదుము.
మెనెత్తె – మీరు పోవుదురు.
మెనెవ్యాత్ – వారు పోవుదురు.

"మెనెన్ కొతీన్" – ఇంటికి పోవుదును. "తులెన్ కొతీన్" – ఇంటికి వచ్చెదను. "ఒలెన్ కొతొన" – ఇంట నున్నాను. "తులెన్ కొతొఅ" – ఇంటినుండి వచ్చుచున్నాను. వారి భాషలో భవిష్యత్తునకు వేరు రూపము లేదు. "మెనెన్" అనిన నేడు పోవుటయు అగును, రేపు పోవుటయు అగును. మన "పోవుదును" సరిగా నట్టిదే.

ప్రశ్నకు క్రియ చివర "కొ" చేర్చుదురు. "ఒలెత్" – ఉన్నావు, "ఒలెత్కొ కొతొన?" – ఇంట నున్నావా? మనము చివర "ఆ" చేర్చుట యెట్టిదో యదియు నట్టిదే. "మిల్లొయిన్ తులెత్ కొతీన్?" – ఇంటి కెప్పుడు వచ్చెదవు? ఈ వాక్యమును కంఠస్థము చేయుడు. దీనితో తరువాత పనియున్నది.

రమ్మని పిలుచునప్పుడు "తులె" యందురు. "తులె కొతీన్" అని వ్రాయుదురు. కాని పలుకునప్పుడు "తులెక్కొతీన్" అని వినబడును. ఇది విని నేను మిక్కిలి సంతోషించితిని. ఇది మన త్రికసంధిని దలపించును గదా! ఆ, ఈ, ఏ యను త్రికముమీది హల్లునకు ద్విత్వము వచ్చి "అక్కాలము, ఇత్తఱి" యగునట్లు, వారి విధ్యర్థకముమీది హల్లు ద్విత్వ మగును. కారణము కూడ తెలియుచున్నది. పూర్వము ఆ క్రియారూపము చివర ఒక ‘క్’ ఉండెడిది. అది లోపించినను దాని నీడ తరువాతి హల్లుమీద నిలిచినది. వ్రాతలో లేనిది నోట నున్నది. వారి పిల్లలు దీనిని బడిలో నేర్చుకొనరు. మన పిల్లలు సంధులను ఎరుగకయే పలుకునట్లు వారును పలుకుదురు.

ఇచ్చట ఒక హెచ్చరిక. "మెనెన్" చివరి నకారము మన "పోవుదును" చివరి "ను" వలె నున్నది. "మెనెమ్మె" చివర "మ్మె", మనకు "ము". వారి "మె" యనిన మేము. "కొతొన" యను దానికి "గృహమున" యనునది జోడుగా నున్నది. "ఇంటికిన్" అను ద్రుతాంతమునకు "కొతీన్" సరిజోడు. ఇన్ని పోలికలు చూచి రెండును ఒక తల్లి బిడ్డలని తలపవచ్చునా? కాల్డ్‌వెల్లు అను పండితుడు 1856లో ద్రావిడభాషల వ్యాకరణమును వ్రాయుచు, ఫిన్నిషు మున్నగు ఉత్తరభాషలతో మన భాషలకు బంధుత్వము గలదని వాదించెను. కాని తరువాతి పరిశోధనచే అది స్థిరపడలేదు. ఫిన్నిషు ఎస్తోనియను, హంగేరియను, సామీ భాషలతో గూడి ఉరాలిక్ కుటుంబమునకు చెందినది. తెలుగు ద్రావిడకుటుంబమునకు చెందినది. "మెనెన్" లోని నకారము పూర్వము మకారమట! నేటి రూపములు చూచి బంధుత్వము కలుపరాదు. ధ్వనులు ఒక క్రమమున మారినట్లు నిరూపింపవలయును. లేనిచో, వారి భాషలో "ఉక్కొ" యనిన ముసలివాడు గనుక, మన ఉక్కునగరము వృద్ధులకై కట్టబడినదని వారు తలపవలసి వచ్చును. చుట్టరికము లేకున్నను ఇరుగుపొరుగు స్నేహము కుదురునట్లు, కుటుంబములు వేరైనను రెండు భాషల నడక యొకటిగా నున్నది. నేర్చువానికి అంతమాత్రమే చాలును.

మఱి రెండు భేదములు పెద్దలు తప్పక తెలిసికొనవలయును. మొదటిది: వారికి స్త్రీపుంభేదము లేదు. "హ్యాన్" అనిన అతడును అగును, ఆమెయు అగును. "హ్యాన్ తులే కొతీన్" – అతడో ఆమెయో ఇంటికి వచ్చును. అచ్చట పెరుగు పిల్ల యెప్పుడైన "అమ్మ ఇంటికి వచ్చినాడు" అనిన, అది మర్యాద తెలియమి గాదు, తెలివితక్కువయు గాదు. ఆ భాష యీ భాషలోనికి తొంగిచూచుట. నవ్వక, కోపింపక, సరియైన మాట మెల్లగా నందింపవలయును. అట్లే అచ్చటి పిల్లలు తాతను, అవ్వను ఏకవచనముననే పిలుతురు. "తులె" యనిన రమ్ము. "తుల్కా" యనిన రండు. ఆ రెండవది యున్నను, ఇంటివారియెడ వాడరు. కనుక మనుమడు "తులె" యనిన చిన్నబుచ్చుకొనకుడు.

రెండవది: మనకు "మనము" వేరు, "మేము" వేరు. వారికి రెంటికిని "మె" ఒక్కటియే. "మెన్న్యాన్ కొతీన్" అనిన ఇంటికి పోదము. ఆ మాట విన్నంతనే "మనమందరము" అను నర్థము రూపమువలన దేలదు, సందర్భమువలన దెలియవలయును. ఈ విషయమున మన భాష ధనికురాలు. ఐనను వారికొక ముద్దుమాట గలదు: "తులె మెయిల్లె". పదమునకు పదము చూచిన "మా కడకు రమ్ము". భావము "మా యింటికి రమ్ము". ఇల్లన్న మాటయే లేదు. "మా" యనినచో ఇల్లు అందే యున్నది. మనమును ఒంటరిగా నున్నను "నా యిల్లు" అనము, "మా యిల్లు" అందుము గదా.

పుస్తకములోని మాట వేరు, వీథిలోని మాట వేరు అనునది అచ్చటను గలదు. "మిన్యా మెనెన్ కొతీన్" అని పుస్తకము. "మ్యా మేన్ కొతీన్" అని నోటిమాట. హెల్సింకి కుఱ్ఱవాండ్రు "మేన్ హిమాన్" అనియు నందురు. మంచుదేశమున "హిమ" యనగానే మన సంస్కృతపు హిమము తలపునకు వచ్చును; కాని యది యిల్లు! స్వీడిషువారి "హెమ్" అను మాటనుండి వచ్చిన వాడుకమాట యది. మన గిడుగు రామమూర్తిగారు, 1863లో జన్మించినవారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరల భాషను వారి నోటినుండియే విని నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును సమకూర్చిరి. గ్రాంథికమున వ్రాయు నావంటివారికి వ్యవహారభాషావిషయమున వారితో ఎంత యభిప్రాయభేదమున్నను, పరభాష నేర్చుటకు వారు చూపిన త్రోవయే త్రోవ: చెవి ముందు, పుస్తకము వెనుక.

సమాసములు మనకు చుట్టములవలె దోచును. "మత్క" యనిన ప్రయాణము; "కొతిమత్క" ఇంటి ప్రయాణము, షష్ఠీతత్పురుషము. ఇంటికి బయలుదేరువానితో "హ్యువ్యా కొతిమత్కా" యందురు – ఇంటిదారి శుభమగుగాక యని. "మా" యనిన నేల, "కొతిమా" స్వదేశము. "కియెలి" యనిన నాలుకయు నగును, భాషయు నగును, "కొతికియెలి" ఇంటిభాష. "కొతి ఇక్యావ్యా" యనిన ఇంటిమీది బెంగ. ఒక సామెతయు గలదు: "ఒమ కొతి కుల్లన్ కల్లిస్" – సొంత యిల్లు బంగారమంత విలువైనది. అందు కకారముల వరుస విని, మన సామెతలయందలి యతిప్రాసల యందము వారికిని తెలియునని గ్రహింపుడు. ఆచారమునందును పోలిక గలదు: వారును పాదరక్షలు వాకిట విడిచియే ఇంటిలోనికి వత్తురు.

వేళలు మాత్రము వేరు. మన పల్లెలలో పశువులు మరలు వేళయే మనుష్యులు ఇంటికి మరలు వేళ. సూర్యుడే గంట కొట్టును. హెల్సింకిలో డిసెంబరు మాసమున పగలు సుమారు ఆరు గంటలు. పిల్లలు చీకటిలో బడికి పోయి చీకటిలో ఇంటికి వత్తురు. జూను మాసమున పగలు సుమారు పందొమ్మిది గంటలు; నిద్రవేళకును వెలుతురే. వారి గడియారము మనదానికంటె శీతకాలమున మూడున్నర గంటలు, వేసవిని రెండున్నర గంటలు వెనుక. మనకు రాత్రి ఎనిమిదైనప్పుడు శీతకాలమున వారికి సాయంకాలము నాలుగున్నర. "ఒలెత్కొ కొతొన?" అని యడుగుటకు మంచివేళ యది.

ఇక అసలు విషయమునకు వచ్చితిని. వారి భాషలో "పోవుట"కు రెండు క్రియలు గలవు. "మెనెన్" అనిన పోవుదును. తిరిగివచ్చుట యందు చెప్పబడలేదు. "క్యాయ్న్" అనిన పోయి, అచ్చట కొంతసే పుండి, మరల వచ్చెదను. ఈ మూడు పనులును ఆ యొక్క క్రియలోనే యున్నవి. కనుకనే "మెనెన్ కొతీన్" – ఇంటికి పోవుదును – అను చోట "ఇంటికి" యనియు, "క్యాయ్న్ కొతొన" – ఇంటికి పోయి వచ్చెదను – అను చోట "ఇంట" అనియు విభక్తి మారును. పోయినవాడు అచ్చట నిలిచిపోవునా, మరలునా యనునది క్రియయే చెప్పును.

ఇది మన గడపలోని మాటయే. బయలుదేరునప్పుడు "పోవుదును" అని విడిచిన అశుభము; "పోయి వచ్చెదను" అని చెప్పవలయును. పెద్దలు "పోయి రమ్ము" అని పంపుదురు. ఆ మాట యే గడపపై నిలిచి చెప్పుదుమో ఆ గడపయే మన యిల్లు. రంగూను ఓడ నెక్కినవాడును ఆ మాట చెప్పియే యెక్కెను. ఎస్పోకు పోవు కుఱ్ఱవాడును ఆ మాట చెప్పియే విమాన మెక్కును. అచ్చట నైదారేండ్లుండిన తరువాత సెలవులకు వచ్చుచు తోడివారితో ఏమనును? "క్యాయ్న్ కొతొన ఇంతియస్స" – ఇండియాలో ఇంటికి పోయి వచ్చెదను – అనును. చూచితిరా! ఇల్లు ఇచ్చటనే యున్నది. కాని "పోయివచ్చు" గడప అచ్చటికి మారినది. సెలవులు గడచి, తిరిగి చేరి, "ఒలెన్ కొతొన" – ఇంటికి చేరి ఇంట నున్నాను – అని ఫోనులో చెప్పును. ఆ మాట తెలియని తండ్రికి చింత లేదు. తెలిసిన తండ్రికి గుండె కలుక్కుమనును. మా బిడ్డకు ఇల్లు ఏది?

ఈ ప్రశ్నకు జవాబు కూడ ఆ భాషలోనే కలదు. ఎవనినైన నీ స్వస్థల మేది యని యడుగుటకు "మిస్త్యా ఒలెత్ కొతొయిసిన్?" అందురు. "కొతొయిసిన్" అనునదియు "కొతి"కి బిడ్డయే: పుట్టిపెరిగిన చోటివాడు అని భావము. "ఒలెన్ కొతొయిసిన్ ఇంతియస్త" – ఇండియాదేశపువాడను. ఇల్లు మారవచ్చును, దేశము మారవచ్చును, రాజపత్రములు మారవచ్చును; పెరిగిన వాడు కొతొయిసిన్ ఎచ్చటివాడో యచ్చటివాడే. కాబట్టి కుమారుడు ఎస్పోలో "కొతొన" అనిన, మన గడపను తుడిచివేసె నని తలపరాదు. ఒకే మాటనుండి పుట్టిన రెండు రూపములు. ఒకటి పడక యున్న చోటును, మఱియొకటి వేరున్న చోటును దెలుపును.

మనుమల సంగతి వేరు. వారు అచ్చటనే పుట్టినవారు, అచ్చటివారే. తాతయింట మూడు వారములుండి, ఉక్కకు దోమలకు వేసారి, "మెన్న్యాన్ కొతీన్" అని యేడ్చిన పిల్లను జూచి, ఇది నీ యిల్లు కాదా యని నొచ్చుకొను పెద్దల నెఱుగుదును. పిల్ల మాటలో తప్పు లేదు. ఆమె బొమ్మ లున్న చోటు ఆమెకు "కొతి". కాని ఆమె భాషలోనే మన యింటికి వేరుగా నొక పేరు కలదు. ఆ పేరు "ముమ్మొల". "ముమ్మొ" యనిన అవ్వ. "ల" యనునది చోటును దెలుపు ప్రత్యయము. ముమ్మొల యనిన అవ్వగారి యిల్లు. అచ్చటి పిల్లలకు సెలవులనిన ముమ్మొల; బెల్లముముక్క, కథ, గారాబము అన్నియు ఆ మాటలో నున్నవి. మన పిల్లలకు అమ్మమ్మగారిల్లు ఎట్టిదో అట్టిదే.

కావున పెద్దలకు నా మనవి యిది. కుమారుని, కుమార్తెను అడుగునప్పుడు "మిల్లొయిన్ తులెత్ కొతీన్?" – ఇంటి కెప్పుడు వచ్చెదవు? – అని యడుగుడు. వారు కొతొయిసిన్ ఇచ్చటివారు గనుక ఆ మాట చెల్లును. మనుమని నడుగునప్పుడు "కొతీన్" అనకుడు, "మిల్లొయిన్ తులెత్ ముమ్మొలాన్?" అని యడుగుడు. పిల్లకు ఇల్లు రెండుగా చీలదు. ఒక ఇల్లు, ఒక ముమ్మొల, రెండును నిండుగా నుండును. వెంటనే "అమ్మమ్మగారింటి కెప్పుడు వచ్చెదవు?" అని తెలుగుమాటయు జోడింపుడు. ఫిన్నిషుమాట తలుపు తీయును. తెలుగుమాట లోపలికి ప్రవేశించును. పరభాషలో నొకటి యడిగి తమ భాషలో నొకటి నేర్పుటకంటె తాతలకు తగిన బడి లేదు.

చివరగా ఒక స్వాగతవచనము. "తెర్వె" యనిన ఆరోగ్యవంతము. "తులొ" యనిన రాక. రెండును గూడి "తెర్వెతులొఅ": క్షేమముగా వచ్చితివి గదా యని. సు, ఆగతము గలసి మనకు స్వాగతమైనట్లే యిదియు. విశాఖపట్టణపు రైలుస్టేషనులోనో, విమానాశ్రయమునందో బిడ్డలు దిగినప్పుడు పెద్దవానితో "తెర్వెతులొఅ కొతీన్" అనియు, వాని చేయి పట్టుకొన్న చిన్నదానితో "తెర్వెతులొఅ ముమ్మొలాన్" అనియు పలుకుడు. పలుకు కొంచెము తడబడినను చింత లేదు, చిన్నది దిద్దును. ఆ దిద్దుటయే మాటలకు మొదలు.

సెలవు.